త్రోసివేయబడినవారి క్రీడాకాలము
(1993వ సంవత్సరపు నార్తర్న్ లీగు)

పాఠశాలా సంచికలలో క్రీడలను గూర్చి వ్రాయువారు సాధారణముగా గెలుపొందిన జట్టులను గూర్చియే వ్రాయుదురు. ఎవరు కప్పు తెచ్చిరి, ఎవరు పతకము గైకొనిరి అను లెక్కయే అందు ప్రధానముగా నుండును. అది తప్పుగాదు. కాని మేము ఈ వ్యాసమునందు, ఒకమారు పనికిరారని త్రోసివేయబడినవారిని మరల పరీక్షించి చూచిన యొక వేసవికాలమును గూర్చి వ్రాయదలచితిమి. అది 1993వ సంవత్సరమున అమెరికా ఉత్తరభాగమున జరిగినది. ఆ యాట బేస్‌బాల్. ఆ పోటీల కూటమి పేరు నార్తర్న్ లీగు.

ఇంతదూరపు సంగతి మనకేల యని చదువరులు అడుగవచ్చును. పరీక్షాఫలితములు వెలువడిన దినమున జాబితాలో పేరు కనబడని బాలుడు ఇంటికి ఏ ముఖముతో పోవునో ఉపాధ్యాయుల మందరమును ఎరుగుదుము. ఒక తూనికలో తక్కువపడినవానిని మరియొక తూనికయందు పెట్టి చూడవలెనా, వలదా? ఈ ప్రశ్నకు ఆ వేసవికాలము కొంత ప్రత్యుత్తరము చెప్పుచున్నది.

1. ఆట స్వరూపము

మన విద్యార్థులు క్రికెట్టు నెరుగుదురు గనుక దానితో పోల్చి చెప్పుట సులభము. బేస్‌బాల్ ఆటయందును ఒకడు బంతి విసరును, ఒకడు బ్యాటుతో కొట్టును, కొట్టినవాడు పరుగెత్తును. ఐతే ఇచ్చటి బ్యాటు బల్లపరుపుగా నుండక రోకలివలె గుండ్రముగా నుండును. వికెట్లు లేవు. మైదానమునందు ఒక్కొక్క భుజము 90 అడుగులు గల చతురస్రము ఏర్పరచి, దాని నాలుగు మూలలను బేసులందురు. బంతి విసరువానికి పిచరని పేరు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతిని నేల తాకనీయక నేరుగా విసరును. కొట్టినవాడు తక్కిన మూడు బేసులను వరుసగా తాకి, తాను బయలుదేరిన మూలకు మరలివచ్చినయెడల ఒక పరుగు లెక్కింపబడును. కొట్టిన బంతి హద్దుగీతల నడుమ గోడమీదుగా దాటిపోయినచో దానిని హోమ్ రన్ అందురు. ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆడుదురు. ముగ్గురు అవుటైనంతనే ఆ జట్టు వంతు ముగియును. ఇట్లు చెరి తొమ్మిది వంతులు ఆడిన పిమ్మట ఎక్కువ పరుగులు చేసినవారు గెలిచినవారు.

ఇక రెండు నియమములు తెలిసికొనవలెను. పిచరు సరియైన హద్దులలో విసరిన బంతిని ముమ్మారు కొట్టలేకపోయినవాడు అవుటగును. పిచరే హద్దు తప్పి నాలుగు బంతులు విసరినచో, కొట్టువాడు బ్యాటు కదపకయే మొదటి బేసునకు నడచిపోవచ్చును. దీనికి నడక యని పేరు. విద్యార్థులు ఈ నడకను జ్ఞాపకముంచుకొందురు గాక. వ్యాసాంతమున దీనితో పని యున్నది.

మరియొక విశేషము. ఈ యాటలో పదిమార్లు కొట్టబూని మూడుమార్లు సఫలుడైనవానిని మంచి ఆటగాడని మెచ్చుకొందురు. అనగా మేటి ఆటగాడు సైతము పదింట ఏడుమార్లు తప్పుచునే యుండును. ఇట్టి యాటయందు ఎవడు సమర్థుడు, ఎవడు అసమర్థుడు అని కొద్దిదినములలో తేల్చుట ఎంత కష్టమో యోచింపుడు.

2. పెద్ద లీగులు, చిన్న లీగులు

అమెరికాలో జీతమునకు ఆడు బేస్‌బాల్ జట్టులలో అత్యున్నతమైనవానికి మేజర్ లీగు జట్టులని పేరు. వాని క్రింద మైనర్ లీగు లనబడు చిన్న లీగులు గలవు. 1901వ సంవత్సరమున చిన్న లీగులవారు తమ రక్షణార్థము ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ కాలమున వారి జట్టులు చాలవరకు ఆయా పట్టణములవారి సొంతము. తరువాత 1920వ దశకమున సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు నిర్వాహకుడైన బ్రాంచ్ రిక్కీ అను నతడు ఒక క్రొత్తపద్ధతి నారంభించెను. చిన్న జట్టులను తమ వశము చేసికొని, నారుమడిలో నారు పెంచినట్లు అచ్చట బాలురను పెంచి, ఎదిగినవారిని పెద్దజట్టులోనికి తీసికొనుటయే ఆ పద్ధతి. క్రమముగా తక్కిన పెద్దజట్టులును దీనినే యవలంబించెను.

ఈ యేర్పాటువలన లాభము కలదు. చిన్నజట్టు ఆటగాండ్రకు జీతమిచ్చు భారము పెద్దజట్టే వహించును. కాని నష్టమును కలదు. ఆటగాడు ఆడుచున్న పట్టణమునకు అతనిపై అధికారము లేదు. పెద్దజట్టు యజమానులు తలచినప్పుడు అతనిని పైకి పంపుదురు, క్రిందికి దించుదురు, లేదా ఒక యుదయమున పిలిచి ఇక నీతో పనిలేదని చెప్పుదురు. ప్రతి సంవత్సరము కళాశాలలనుండియు ఉన్నతపాఠశాలలనుండియు బాలుర నెన్నుకొను ఏర్పాటు కలదు. ఆ యెన్నికలో పేరు రానివానికి సామాన్యముగా ద్వారము మూయబడినట్లే. పట్టణములకును ఇట్టి యవస్థయే కలిగెను. 1990వ సంవత్సరమున పెద్ద, చిన్న లీగుల నడుమ జరిగిన ఒడంబడికచే మైదానపు కట్టడములకు కఠినమైన నియమములు విధింపబడెను. పాత మైదానములు గల చిన్న పట్టణములు వానికి తూగజాలకపోయెను.

3. లీగు స్థాపన

మైల్స్ వుల్ఫ్ అను నతడు 1980వ దశకమున నార్త్ కరొలైనా రాష్ట్రపు డర్హమ్ బుల్స్ అను చిన్నజట్టును నడిపి పేరుపొందినవాడు. పెద్దలీగుల యాశ్రయము లేకయే ఒక లీగు నిలువగలదని అతడు నమ్మెను. ఆశ్రయము లేదనగా ఆటగాండ్రకును శిక్షకులకును జీతము, ప్రయాణపు ఖర్చు, బ్యాట్లు, బంతులు, సమస్తమును టిక్కెట్ల సొమ్ముతోను మైదానమునందలి తినుబండారముల యమ్మకముతోను గడుపవలెను. ప్రేక్షకులు రానిచో జట్టు లేదు. ఇట్టి లీగునే స్వతంత్ర లీగు అందురు.

అతడు తన లీగునకు ఒక పాతపేరు పెట్టెను. నార్తర్న్ లీగు అను పేరుగల చిన్నలీగు 1902లో పుట్టి, పలుమార్లు ఆగుచు సాగుచు 1971 వరకు జీవించినది. తరువాతికాలమున మహాఖ్యాతి గాంచిన హ్యాంక్ ఆరన్ 1952లో ఆ పాతలీగున ఓ క్లేర్ పట్టణపు జట్టులో ఆడినవాడే. ఆ మృతనామమును 1993లో వుల్ఫ్ మరల లేపెను.

క్రొత్తలీగున ఆరు జట్టులు చేరెను. అవి యేవనగా: మినెసోటా రాష్ట్రమున సెయింట్ పాల్, రాచెస్టర్ పట్టణముల జట్టులు, సుపీరియర్ సరస్సు పశ్చిమాగ్రమున నున్న డులూత్, సుపీరియర్ అను జంటపట్టణముల జట్టు, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్, అయోవాలోని సూ సిటీ, కెనడాదేశమున అదే సరస్సుతీరమందలి థండర్ బే. ఇవి బహుదూరముగా పరచుకొనిన పట్టణములు. డులూత్‌లోని మైదానము 1941లో కట్టబడిన యిటుకల కట్టడము.

లీగు నియమములలో రెండు గమనింపదగినవి. ఒక్కొక్క జట్టు ఇచ్చు జీతముల మొత్తమునకు మితి యేర్పరచిరి. లేనిచో ధనికపట్టణము పేదపట్టణమును అణచివేయును. అనుభవశాలులైన ఆటగాండ్ర సంఖ్యకును మితి పెట్టి, క్రొత్తవారికి చోటుంచిరి. లేనిచో లీగు వృద్ధుల శరణాలయమగును.

4. సెయింట్ పాల్ పట్టణపు సాహసము

ఆరింటిలో అత్యంత సాహసకార్యము సెయింట్ పాల్ వారిది. ఏలయన, ఆ పట్టణమునకు ఆనుకొనియున్న మినియాపొలిస్‌లో మినెసోటా ట్విన్స్ అను పెద్దజట్టు కలదు. అది 1987లోను 1991లోను వరల్డ్ సిరీస్ అనబడు మహాపోటీయందు గెలిచినది. జగజ్జెట్టి యింటిప్రక్కనే గరిడీ పెట్టినవాని సాహసమువంటిది ఇది.

అయినను ట్విన్స్ జట్టు అప్పుడు పైకప్పు గల గొప్ప మందిరమున ఆడుచుండెను. ఉత్తరదేశమున వేసవి స్వల్పము. దీర్ఘమైన శీతకాలమంతయు ఇండ్లలో గడపిన జనులకు వేసవి సాయంకాలమున ఆకాశము క్రింద కూర్చుండుట పరమానందము. సెయింట్ పాల్ వారి మిడ్‌వే మైదానమునకు పైకప్పు లేకుండెను. ప్రక్కనే రైలుపట్టాలు ఉండెను. ఆట నడుమ రైలుబండ్లు కూతవేయుచు పోవుచుండెను.

ఆ జట్టును నడిపిన మైక్ వీక్ అనువాడును ఒకప్పుడు త్రోసివేయబడినవాడే. అతని తండ్రి బిల్ వీక్ 1947లో లారీ డోబీ యను నల్లజాతి ఆటగానిని చేర్చుకొని, అమెరికన్ లీగున ఆ జాతివారికి మొదటిసారి ప్రవేశము కల్పించిన ప్రసిద్ధుడు. 1979 జూలై 12వ తేదీన చికాగోలో కుమారుని యాలోచనచొప్పున, రెండు ఆటల నడుమ డిస్కో సంగీతపు గ్రామఫోను పలకలను కుప్పవేసి ప్రేల్చు వినోదము జరిగెను. వేలకొలది జనులు మైదానములోనికి దుమికి అల్లరిచేయగా రెండవ ఆట జరుగలేదు. చికాగోవారు ఓడినట్లు నిర్ణయింపబడెను. పిదప పెక్కుసంవత్సరములు మైక్ వీక్‌నకు పెద్దలీగులలో పని దొరకలేదు. సెయింట్ పాల్‌లో అతడు మరల తన నేర్పు చూపెను. ప్రేక్షకుడు నవ్వుచు ఇంటికి పోవలెననునది అతని సూత్రము. అంపైరునకు బంతులు మోసికొనిపోవుటకు ఒక పందిపిల్లను నియమించెను! జట్టు భాగస్వాములలో బిల్ మర్రే అను హాస్యనటుడును అప్పుడు ఉండెను. జనులు గుంపులుగా వచ్చిరి. మైదానము తరచుగా నిండిపోయెను.

5. క్రీడాకాలము నడచిన తీరు

ఆటలు జూన్ నెలలో మొదలై సెప్టెంబరు ప్రారంభమున ముగియవలెను. ఈ స్వల్పకాలమున ఒక్కొక్క జట్టు 72 ఆటలు ఆడెను. కావున విశ్రాంతిదినములు బహు కొద్ది. రాత్రి ఆట ముగిసినవెంటనే బస్సు ఎక్కి, తెల్లవారునప్పటికి మరియొక పట్టణమున దిగుట పరిపాటి. క్రొత్తవారి జీతములు నెలకు కొన్నివందల డాలర్లు మాత్రమే. ఇట్టి లీగులలో అనేకులు పట్టణవాసుల ఇండ్లలో అతిథులుగా ఉందురు. ఆ గృహస్థులే మైదానమునకు వచ్చి తమ యింటి బిడ్డను చూచినట్లు చూచి చప్పట్లు కొట్టుదురు.

ఆటగాని మనస్సులో నిత్యము రెండు తలంపులుండును. ఒకటి భయము. నాలుగుదినములు సరిగా ఆడనిచో శిక్షకుడు పిలిచి సెలవిచ్చును. మరునాడు అతని చోట వేరొకడుండును. ఇచ్చటనుండియు వెడలగొట్టబడినవానికి తరువాత పోదగిన చోటు దాదాపుగా లేదు. రెండవది ఆశ. పెద్దజట్టుల పరిశీలకులు చూచి, నచ్చినచో స్వల్పమూల్యమిచ్చి అతని ఒడంబడికను కొనిపోవుదురు.

ఇచ్చట యొక విచిత్రము గమనింపుడు. ఒక జట్టునకు ప్రాణాధారమైన ఆటగాడు నడుకాలములో కొనిపోబడినచో జట్టు బలము తగ్గును. పట్టణవాసులు తాము మెచ్చినవానిని కోల్పోవుదురు. అయినను ఆ దినమున వారు సంతోషింతురు. వానిని నిలుపుకొనుట కాక సాగనంపుటయే ఆ లీగు పుట్టిన పని. పాఠశాలయు ఇట్టిదే కదా! తరగతిలో మేటియైన విద్యార్థిని తన యొద్దనే ఉంచుకొనవలెనని కోరు ఉపాధ్యాయుడెవడు?

6. ముగ్గురు ఆటగాండ్రు

ఆ వేసవిని సెయింట్ పాల్ సెయింట్స్ జట్టున ఆడిన ముగ్గురిని గూర్చి చెప్పుదుము.

మొదటివాడు లియాన్ డర్హమ్. అతడు పూర్వము పెద్దలీగులలో ప్రసిద్ధుడు. 1984లో చికాగో కబ్స్ జట్టు వరల్డ్ సిరీస్ గడప తొక్కబోవు నిర్ణాయకమైన ఆటలో, సులభమైన బంతి యొకటి అతని కాళ్లనడుమనుండి దొర్లిపోయెను, జట్టు ఓడెను. అదే ఆటలో అతడు హోమ్ రన్ కొట్టిన సంగతి జనులు మరచిరి. జారిన బంతిని మాత్రము మరువలేదు. ముప్పదియైదేండ్లు నిండిన పిదప అతడు ఈ చిన్నలీగున ఆడవచ్చెను. ఒకనాడు వేలకొలది జనుల యెదుట నిలిచినవాడు బస్సులో ప్రయాణము చేయుటకు సిగ్గుపడలేదు.

రెండవవాడు రే ఓర్దోన్యెస్. క్యూబాదేశస్థుడు. 1993 జూలైలో విశ్వవిద్యాలయముల అంతర్జాతీయ క్రీడలకై బఫలో నగరమునకు వచ్చి, తన జట్టును విడిచి అమెరికాలో నిలిచిపోయెను. ఆ వేసవిలోనే సెయింట్ పాల్ అతనికి చోటిచ్చెను. అచ్చట అతడాడినవి కొద్ది ఆటలే. పిమ్మట న్యూయార్క్ మెట్స్ వారికి చేరి, 1996లో పెద్దలీగున ప్రవేశించి, 1997, 1998, 1999 సంవత్సరములలో వరుసగా ఉత్తమ ఫీల్డింగునకు ఇయ్యబడు గోల్డ్ గ్లవ్ బహుమానమును పొందెను.

మూడవవాడు కెవిన్ మిల్లర్. టెక్సస్ రాష్ట్రమున లామార్ విశ్వవిద్యాలయమున ఆడినవాడు. ఆటగాండ్ర నెన్నుకొను జాబితాలో ఏ జట్టును అతని పేరు వ్రాయలేదు. సెయింట్ పాల్ అతనికి చోటిచ్చినది. అటుపిమ్మట ఫ్లారిడా మార్లిన్స్ వారు అతనిని తీసికొనిరి. 1998లో అతడు పెద్దలీగున అడుగుపెట్టెను.

ఇది చదివి అందరికిని ఇట్టి యదృష్టము పట్టెనని తలపరాదు. ఆ వేసవిని ఆరు జట్టులలో ఆడినవారిలో పెక్కుమంది పెద్దలీగు ముఖము చూడలేదు. వారు బ్యాటు దించి వేరుపనులలో ప్రవేశించిరి. కాని తమ శక్తి ఎంతయో వారు స్వయముగా ఆడి తెలిసికొనిరి. ఎవరో వ్రాసిన కాగితము చూచి తెలిసికొనలేదు. ఈ రెంటికిని గొప్ప భేదము కలదు.

7. ఆ కాలాంతమును తరువాతి కథయు

1993వ సంవత్సరపు విజయము సెయింట్ పాల్ వారిది. తుదిపోటీయందు వారు రాచెస్టర్ వారిని ఓడించిరి. ఓడిన రాచెస్టర్ జట్టు అచ్చట నిలువలేక మరుసటియేట కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు తరలిపోయి, 1994లో తానే విజేత యయ్యెను. ఒక పట్టణపు నష్టము మరియొక పట్టణమునకు పండుగ యయ్యెను.

ఆ లీగు మరికొందరికి ద్వారము తెరచెను. పెద్దలీగులలో పేరు చెడిన డారిల్ స్ట్రాబెర్రీ 1996లో సెయింట్ పాల్ తరఫున 29 ఆటలలో 18 హోమ్ రన్లు కొట్టి, న్యూయార్క్ యాంకీస్ వారిచే తీసికొనబడి, ఆ సంవత్సరమే వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టున నుండెను. 1997లో ఐలా బోర్డర్స్ అను యువతి అదే సెయింట్ పాల్ జట్టున పిచరుగా పురుషులతో ఆడెను. 1998లో డులూత్ జట్టుకై ఒక ఆట గెలిచెను. మన బాలికలు ఈ పేరును జ్ఞాపకముంచుకొందురు గాక.

నార్తర్న్ లీగు 2010తో ముగిసెను. సెయింట్ పాల్, సూ ఫాల్స్, సూ సిటీ జట్టులు అంతకు పూర్వమే, 2006లో, అమెరికన్ అసోసియేషన్ అను మరియొక స్వతంత్ర లీగున చేరియుండెను. సెయింట్ పాల్ జట్టు 2021లో, తన పొరుగున నున్న ఆ మినెసోటా ట్విన్స్ వారికే అనుబంధమయ్యెను. లీగు పోయినను, స్వతంత్ర లీగు నిలువగలదను నమ్మకము దానివలన దేశమంతట వ్యాపించెను.

8. ఒక నడక

ఇక ముందు చెప్పిన నడకకు వత్తము. 2004 అక్టోబరు 17వ తేదీ రాత్రి బాస్టన్ నగరమున రెడ్ సాక్స్ జట్టు యాంకీస్ జట్టుతో ఆడుచుండెను. బాస్టన్ వారు 1918 తరువాత వరల్డ్ సిరీస్ గెలిచి యెరుగరు. ఆ వరుసలో మూడు ఆటలు ఓడిరి. నాలుగవదియు ఓడినచో కథ ముగియును. తొమ్మిదవ వంతున వారు 4–3 లెక్కతో ఒక పరుగు వెనుకబడియుండిరి. ఎదుట పిచరు మరియానో రివేరా; అట్టి ఘడియలలో అతని కెదురులేదని ప్రసిద్ధి. బ్యాటు పట్టి నిలిచినవాడు కెవిన్ మిల్లర్.

అతడు హోమ్ రన్ కొట్టలేదు. చెడుబంతులకు బ్యాటు చాపక ఓర్పుతో నిలిచి, నాలుగు చెడుబంతులకు నడక సంపాదించెను. అతనికి బదులుగా పరుగెత్తుటకు వచ్చిన డేవ్ రాబర్ట్స్ పిచరు విసరుచుండగనే రెండవ బేసునకు దూసికొనిపోయెను, తరువాత బిల్ ముల్లర్ బంతిని కొట్టగా అతడు పరుగు పూర్తిచేసెను, లెక్క సమమయ్యెను. పండ్రెండవ వంతున డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్ కొట్టగా బాస్టన్ గెలిచెను. అటుపిమ్మట మూడు ఆటలును గెలిచి, వరల్డ్ సిరీస్‌ను గెలిచి, 86 సంవత్సరముల కొరత తీర్చుకొనిరి. జాబితాలో పేరులేని బాలునికి 1993లో ఒక చిన్న పట్టణపుజట్టు చోటివ్వనిచో, ఆ రాత్రి ఆ చోట నిలిచియుండువాడు వేరొకడు.

2017లో, తన 45వ యేట, మిల్లర్ సెయింట్ పాల్‌నకు తిరిగివచ్చి ఆ జట్టు దుస్తులు ధరించి ఒక్క ఆట ఆడి, హోమ్ రన్ కొట్టెను. దానివలన అతనికి లాభమేమియు లేదు. మొదట చోటిచ్చినవారిని చూచిపోవుటకు వచ్చెను.

తలిదండ్రులారా, మా తోడి ఉపాధ్యాయులారా, మన చేతులలోను జాబితాలు కలవు. వానిని వ్రాయక తప్పదు, న్యాయముగా వ్రాయవలెను. కాని జాబితా వ్రాసినచేతనే మరియొక చోటు చూపుటయు మన విధియే. విద్యార్థులారా, పేరు లేదని తెలిసిన దినమున మైదానము విడువకుడు. రెండవ చోటు చిన్నదైనను, బస్సు పాతదైనను, అచ్చట పూర్ణహృదయముతో ఆడి మీ శక్తిని మీరే తెలిసికొనుడు.

విద్యార్థులకు ప్రశ్నలు

(1) స్వతంత్ర లీగునకును, పెద్దజట్టుల అధీనమున నుండు చిన్న లీగునకును గల భేదమేమి?
(2) జీతములకును అనుభవశాలుల సంఖ్యకును మితి యేల విధించిరి?
(3) మేటి ఆటగాడు కొనిపోబడినప్పుడు పట్టణవాసులు సంతోషించుటకు కారణమేమి?
(4) మిల్లర్ సంపాదించిన నడకను గెలుపుకు మూలమని చెప్పవచ్చునా? మీ యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.